బావిలోకి దిగిన కారు ఇంజన్

1987 ఎండాకాలం. నల్లగొండలో పానగల్ పోయే రోడ్డు మీద నా డీజిల్ మెకానిక్ షెడ్డు. షెడ్డంటే పెద్దగా ఏం లేదు, నాలుగు రేకులు, ఇంజన్ను పైకి లేపే గొలుసు కప్పీ, దాన్ని మేం చైన్ బ్లాక్ అంటాం, ఒక కుక్కి మంచం. పొద్దు ఎక్కేసరికి రేకులు సెగలు కక్కేవి. దానికి తోడు నా నోరు. నా నోటికి జడిసి సగం గిరాకీ పక్క షెడ్డుకు పోయిందని మా ఇంటావిడ ఇప్పటికీ దెప్పుతుంది. లింగయ్య మాత్రం పోలేదు.

లింగయ్య దేవరకొండ వైపు పల్లెలో రైతు. అతని అత్తను దవాఖానకు ఎడ్లబండిలో తీసుకొస్తుంటే తొవ్వలోనే ప్రాణం పోయింది. అప్పటి నుంచి భార్య సత్తెమ్మ ఒకటే పోరు, ఇంట్లో ఒక బండి ఉండాలని. అట్లా కొన్నాడు సెకండ్ హ్యాండ్ డీజిల్ అంబాసిడర్. అప్పటికే నలుగురి చేతులు మారిన బండి. పొద్దున్నే హీటర్ ప్లగ్ ఎర్రగా కాలేదాకా ఓపిక పట్టాలి, లేకపోతే స్టార్ట్ కాదు. బ్యాటరీ మొండికేస్తే ఇంటిల్లిపాదీ నూకాలి. ఇక ఆపడం ఇంకో తంతు. ఆ కాలపు డీజిల్ బండి తాళంచెవి తిప్పితే ఆగదు. స్టాప్ నాబ్ అని ఒకటుంటుంది, దాన్ని గుంజితే ఇంజన్‌కు డీజిల్ పోవడం ఆగి బండి చల్లబడుతుంది. "ఇది కారు కాదు లింగన్నా, నీకు దొరికిన ఇంకో అత్త" అనేవాణ్ణి. నవ్వేవాడు.

ఆ ఏడు నవ్వు లేదు. బావులన్నీ అడుగంటాయి. లింగయ్యకు బత్తాయి తోట ఉంది. బిడ్డల్లా సాకితే అయిదో ఏట మొదటి కాపు పిందె పట్టింది. సరిగ్గా అప్పుడే లో-వోల్టేజీకి కరెంటు మోటరు కాలిపోయింది. వైండింగ్ చేయించి బిగిస్తే మళ్లీ కాలింది. కిరాయికి ఆయిల్ ఇంజన్ దొరుకుతుందా అంటే, ఊళ్లో ఉన్నవన్నీ ఎవరి బావి మీదో ఒకరి బావి మీద ఉన్నాయి.

ఒకరోజు భార్యాభర్తలిద్దరూ కారులో నా షెడ్డుకు వచ్చారు.

"ఖాజా భాయ్, గీ కారు ఇంజన్ ఇప్పి బాయి కాడ పెడ్తవా?"

"పిచ్చి లేసిందా ఏంది? గది కారు ఇంజన్. రేపు ఇంట్ల ఎవరికన్న పానం బాగలేకపోతే దేన్ల తెస్తవ్?" అని లేచాను.

అతను భార్య వైపు చూశాడు. వెనక సీట్లో కూర్చున్న సత్తెమ్మ కిందికి దిగలేదు. "తియ్యి అన్నా" అంది. "నాకు బండి కావాలె, ఒద్దంటలేను. గని చెట్లు ఎండుతున్నయి. కండ్లతోటి చూడలేకపోతున్న."

పానాల పెట్టె అందుకున్నాను.

ఇంజన్ విప్పి, ఇనుప చట్రం మీద బిగించి, పంపుకు జోడించి, నీళ్లకు దగ్గరగా, బావిలో సగం లోతున ఉన్న రాతి మెట్టు మీదికి గొలుసులతో దించాం. పొగ గొట్టం పైకి తీశాను. స్టాప్ నాబ్‌కు పొడుగాటి తీగ కట్టి గట్టు మీదికి తెచ్చాను. రోడ్డు మీద పోయే కారుకు గాలి తగిలి రేడియేటర్ చల్లబడుతుంది, బావిలో గాలేదీ? అందుకే పంపు నీళ్లలోంచే సన్న పైపు ఒకటి ఇంజన్‌కు ఇచ్చాను. గట్టిగా చెప్పాను కూడా. "నీళ్లు ఆగినయంటే ఇంజన్‌కు సుత నీళ్లు ఉండయి. చప్పుడు మారంగనే నాబ్ గుంజు. లేకుంటే పిస్టన్లు పట్టుకుంటయి. తోట పోతది, బండి పోతది."

కొన్నాళ్లు నడిచింది. రాత్రంతా ఊరిన నీళ్లు తెల్లారి తోడుకునేవారు. ఇంజన్ ఆయిల్ మార్చుదామని ఒక పొద్దున నేను పోయాను. లింగయ్య గట్టు మీద నాబ్ పట్టుకుని కూర్చున్నాడు. సత్తెమ్మ పారతో పాదులకు నీళ్లు కడుతోంది. నేను చూస్తుండగానే పైపు ధార సన్నబడింది, నురగ కక్కింది, ఆగిపోయింది. బరువు తగ్గిన ఇంజన్ ఒక్కసారి గొంతు చించుకుని అరిచింది.

"గుంజు లింగన్నా!"

"జర ఆగు భాయ్. ఊట వస్తది. మొన్న గిట్లనే ఆగి వచ్చింది."

"యా అల్లా, కాలిపోతది! గుంజు!"

అతను నా మాట వినలేదు. బావిలోకి వంగి చూస్తున్నాడు. కాలిన ఆయిల్ వాసన పైకి కొడుతోంది. నేను అతని దాకా పరుగెత్తేలోపే సత్తెమ్మ పార పడేసి వచ్చింది. మొగుడి వేళ్లు విడదీసి నాబ్ గుంజింది.

ఇంజన్ ఆగింది. అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

"ఇంకో నిమిషం ఆగితే వచ్చేదే" అన్నాడు లింగయ్య.

"రాదు" అంది సత్తెమ్మ. "ఇంజన్ గూడ కాలితే, మా అమ్మ లెక్క ఇంకెవర్ని ఎడ్లబండ్ల ఎయ్యాల్నే?" అని అక్కడే కూలబడి ఏడ్చింది. నాకూ కండ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకోవడం చేతగాలేదు.

ఊట రాలేదు. పిందె రాలింది. వానలు పడేసరికి తోట కట్టెల మోపయింది. ఇంజన్ను మళ్లీ కారులో బిగించి ఇచ్చాను. లింగయ్య డ్రైవింగే బతుకుతెరువు చేసుకుని ఆ బండిని కిరాయికి తిప్పాడు.

మెకానిక్ పనంటే బండిని నడిపించడమే అని అప్పటిదాకా నా నమ్మకం. ఆగాల్సిన చోట ఆపడం మనిషికి ఎంత కష్టమో ఆ బావి గట్టు మీద తెలిసింది. చెప్తే సరిపోతుంది అనుకున్నాను. చెప్పడం సులువే.

ఆ తర్వాత సర్వీసుకు వచ్చినప్పుడల్లా లింగయ్య ఇంజన్ ఆపకుండానే దిగేవాడు. "నువ్వు గుంజు భాయ్" అనేవాడు. ఒకసారి నాకు చిర్రెత్తింది.

"చేతులు పడిపోయినయా? డ్రైవరువు నువ్వా నేనా?"

"చెయ్యి పోతలేదు భాయ్" అన్నాడు నేల చూపులతో.

"మరి ఇంటికాడ ఎట్ల?"

"హారన్ కొడ్త. సత్తెమ్మొచ్చి గుంజుతది."

మళ్లీ అడగలేదు. ఆ బండి చప్పుడు వినబడితే చాలు, చేతిలో పని వదిలేసి, కాటన్ వేస్టుతో మసి తుడుచుకుని, నేనే పోయి నాబ్ గుంజేవాణ్ణి. అప్పటిదాకా అతను అటు తిరిగి నిలబడేవాడు.