బాడీకి ఎర్త్

మొన్న సాండ్ పేపర్‌తో గేటు తుప్పు గీకుతుంటే లేచిన వాసనకి, అమెరికాలోని ప్లేనోలో మా పాత పికప్ ట్రక్కు గుర్తొచ్చింది. నాకప్పుడు ఏడేళ్లు. నాన్న దాన్ని పక్కింటి ముసలాయన దగ్గర కొన్నాడు. కొన్న మర్నాటి నుంచి ఆ ముసలాయన కనిపించలేదు.

బ్రేక్ తొక్కితే వెనక లైట్లు వెలిగీ వెలగనట్టు మిణుకుమనేవి. శనివారం నాన్న, ఆయన ఫ్రెండ్ రవి అంకుల్ బండి కింద దూరారు.

"బాడీ అంతా తుప్పేరా," అన్నాడు అంకుల్.

"బాడీకి ఎర్త్ సరిగ్గా లేదు. అంతా తీసేసి మళ్లీ ఎర్త్ చేద్దాం," అన్నాడు నాన్న, గొంతు తగ్గించి.

బాడీ అంటే శవమని టీవీ, ఎర్త్ అంటే మట్టి అని స్కూలు నాకు నేర్పాయి. బయటికొచ్చిన నాన్న చేతులు ఎర్రగా ఉన్నాయి. మధ్యాహ్నం ఆ చేత్తోనే ముద్ద కలిపి నోటికందిస్తే పెదాలు బిగించాను.

"ఏమ్మా, ఆకలి లేదా?"

"నెక్స్ట్ డోర్ తాత ఎక్కడికి వెళ్లాడు?"

"కూతురింటికేమోనమ్మా."

ఆ 'ఏమో' నాకు నచ్చలేదు.

సాయంత్రం బ్రేక్ తొక్కగానే లైట్లు భగ్గున వెలిగాయి. నాన్న ఈల వేశాడు. అంతలో పక్కింటి ముందు కారు ఆగింది. ముసలాయన దిగి మాకు చెయ్యి ఊపాడు.

నా భయం రెట్టింపైంది. ఈయన బతికే ఉంటే, మరి ఆ బాడీ ఎవరిది?

బాడీ అంటే బండి ఇనుప ఒళ్లని, ఎర్త్ అంటే ఇక్కడివాళ్లు గ్రౌండ్ అనే వైరని చాలా ఏళ్లకు తెలిసింది. ఆ రోజు నాన్న మాట్లాడిన తెలుగంతా నాకు అర్థమైంది. అర్థం కానిది ఆయన ఇంగ్లీషే.