చప్పుడు చెయ్యని కొరడా

ఈమధ్య మా మనవరాలు గుర్రపుస్వారీ నేర్చుకునే చోటికి వెళ్ళినప్పుడు, అక్కడ కుర్చీ మీద పడి ఉన్న కొరడాని చేతిలోకి తీసుకుని వాసన చూశాను. ప్లాస్టిక్ వాసన తప్ప ఏమీ లేదు. ప్రత్తిపాడులో మా గుర్రపుసాల తలుపు తీస్తే, ఆముదం పట్టించిన తోలు వాసన, నానిన ఉలవల వాసన, శివరాత్రి దాటాక వాటన్నిటినీ అణగదొక్కే ఎండుమిరపకాయల ఘాటు ఒక్కసారిగా ముక్కులో గుచ్చుకునేవి.

పత్తి తీతలు అయిపోయి, మోళ్ళు మిగిలిన చేలల్లో కుందేళ్ళు తిరిగే రోజుల్లో, పొదిలి నుంచి వచ్చిన స్నేహితులతో నాన్న వేటకి బయలుదేరుతుంటే, అన్నయ్యా నేనూ అరుగు మీద కూచుని, వేయించిన వేరుశనక్కాయలు బెల్లంతో నములుతూ, బూడిదరంగు ఆడగుర్రం మీద ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసేవాళ్ళం. ఆ గుర్రం పేరు పావురాయి. దాన్ని పిల్లగా ఉన్నప్పటినుంచీ సాకినవాడు మస్తాన్; మాకు మస్తాన్ మామ. అప్పటికే గడ్డం నెరిసిన మనిషి, రంజాన్ నెలలో నోట్లో చుక్క నీళ్ళు పోసుకోకుండా మధ్యాహ్నపు ఎండలో గుర్రానికి మాలీషు చేసేవాడు.

మేకతోలు సన్నగా కోసి అతను అల్లిన కొరడా ఒకటి సాలలో కొయ్యకి వేలాడేది. విదిలిస్తే ఛెళ్ళుమని వీధి చివరిదాకా వినపడేది. ఆ చప్పుడుకే పావురాయి పరుగందుకునేది కాబట్టి, తోలు దాని ఒంటికి తగలాల్సిన అవసరమే వచ్చేది కాదు.

నేను మూడో క్లాసులో ఉండగా నాన్న మద్రాసు నుంచి కొత్తది తెచ్చారు. మూరెడు పొడవు, లోపల ఉక్కుతీగ, పైన నల్లతోలు, చివర నాలుక లాంటి చిన్న తోలుముక్క. మేం దాన్ని దొరబెత్తం అనేవాళ్ళం. మస్తాన్ దాన్ని వంచి చూసి, ఇది ముందు చెప్పకుండా కొట్టే వస్తువనీ, పావురాయికి అలవాటు లేదనీ నెమ్మదిగా చెప్పాడట. పల్లెటూరి మొద్దు అని స్నేహితుల ముందు నాన్న నవ్వారు. మర్నాడు వేటలో, వాగు గట్టు దగ్గర, డొక్కలో చప్పుడు లేకుండా దెబ్బ పడేసరికి పావురాయి బెదిరి ముందుకాళ్ళు పైకెత్తింది. నాన్న రాళ్ళ మీద పడ్డారు. తుంటి విరిగింది.

కట్లు కట్టించుకుని ముందుగదిలో మంచం మీద పడుకున్న నాన్న ఎవరి ముఖమూ చూసేవారు కాదు. వారం తర్వాత మస్తాన్‌ని కిటికీ దగ్గరికి పిలిచి, గుర్రాన్ని పెరట్లో కట్టేసి దొరబెత్తంతో ఇరవై దెబ్బలు కొట్టమన్నారు. ఆయన పడుకున్న చోటికి పెరడు కనపడదు. కాసేపు చెవి ఒగ్గి, ఏమీ వినపడక కేకేశారు: "ఏరా, కొడుతున్నావా? ఆ పాతది తీసుకో. నాకు వినపడాలి."

నేను పెరట్లో ఆరబోసిన మిరపకాయల రాశి వెనక ఉన్నాను. మస్తాన్ ఎడమచేత్తో పావురాయి మెడ నిమురుతూ, కుడిచేత్తో పాత కొరడాని గాలిలో ఇరవైసార్లు విదిలించాడు. ఒక్కటీ దానికి తగల్లేదు. గదిలోంచి నాన్న లెక్కపెట్టడం వినపడుతూనే ఉంది.

నన్నెవరూ అడగలేదు. మర్నాడు పొద్దున్నే మంచం దగ్గరికి వెళ్ళి, ఆయన చెవిలో నేనే చెప్పాను. అన్నయ్యకి తెలియని సంగతి నాకొకటి తెలుసన్న సంతోషం తప్ప నా మనసులో ఇంకేమీ లేదు. పడ్డాక నాన్న మొదటిసారి నవ్వి, నా తల నిమిరారు. తర్వాత మస్తాన్‌ని లోపలికి రమ్మని, చొక్కా విప్పి మోకాళ్ళ మీద కూచోమని, దొరబెత్తం నా చేతిలో పెట్టారు.

"చూసింది నువ్వేగా అమ్మాయ్. నువ్వే కొట్టు. మూడు."

గుమ్మంలో నిలబడ్డ అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను బెత్తాన్ని నడిమికి పట్టుకున్నాను. మస్తాన్ తల తిప్పి చూసి, నాకు స్వారీ నేర్పేటప్పటి గొంతుతోనే అన్నాడు: "కింద పట్టు దగ్గర పట్టుకో పాపా. అట్టా పట్టుకుంటే నీ చేతికే తగులుద్ది."

కింద పట్టుకున్నాను. ఆ వీపు మీద చప్పుడు లేకుండా ఎర్రటి వాతలు తేలాయి.

సాయంత్రానికి అతను కొయ్యకున్న కొరడా తీసుకుని అమరావతి వైపు చెల్లెలి ఊరికి వెళ్ళిపోయాడు. పావురాయిని గుంటూరు జట్కావాడికి ఇచ్చేశారు. రెండేళ్ళ తర్వాత స్టేషను దగ్గర చూశాను. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉంది, ఒక కన్ను పోయింది. నాన్న చివరిదాకా కుంటుతూనే నడిచారు, మళ్ళీ గుర్రం ఎక్కలేదు.

ఇప్పుడు మా పెరడున్న చోట కోల్డ్ స్టోరేజీ గోడ లేచింది. కుందేళ్ళు తిరిగిన చేలు ప్లాట్లయ్యాయి. ఆ గదిలో ఉన్నవాళ్ళలో నేను తప్ప ఎవరూ లేరు. చిన్నపిల్లని, నాన్న చెప్పారు, కొట్టాను అని చాలా ఏళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నాన్న చెప్పింది మూడు. నేను నాలుగు కొట్టాను.