శాలిబండలో గీసిన ఉక్రెయిన్ ఊరి కుర్సీనామా

మొన్న టీవీలో యుద్ధం వార్తలు చెబుతూ ఉక్రెయిన్ పటం వేశారు. మనవరాలు చానల్ మార్చబోతే "ఆగవే" అని కసిరాను. నేను వెతుకుతున్నది ఒక చిన్న ఏటి మలుపు, అక్కడి ఊరు. అంత చిన్న ఊరు టీవీ పటంలో ఎందుకుంటుంది, నా పిచ్చి గానీ! ఆ ఊరు నేనెన్నడూ చూడలేదు. అయినా కళ్లు మూసుకుని ఇల్లిల్లూ తిరిగి రాగలను. ఏటికి అవతల చెర్రీ తోటలు, ఇవతల సున్నం కొట్టిన మట్టి ఇళ్లు, కప్పుల మీద కొంగల గూళ్లు, గుట్ట మీద గాలిమర, దాని కింద మూతపడ్డ చర్చి. నేల మాత్రం మన నల్లరేగడే.

ఇదంతా మా పెద్దబాపు పుణ్యం. మా నాన్నకు అన్న, పెళ్లి చేసుకోలేదు, శాలిబండలో మా ఇంటి ముందు గది ఆయనదే. నయాపూల్ దగ్గర కోర్టులో నకళ్లు రాసే గుమాస్తా. కాజీపేట దాటి ఎరగడు. డెబ్బైల మొదట్లో, ఉక్రెయిన్ ఇంకా సోవియట్ యూనియన్‌లో ఉన్న రోజుల్లో, ఏదో రష్యా పత్రికలో కలం స్నేహం చిరునామా చూసి, ఆ ఊరి బడిలో ఇంగ్లీషు చెప్పే పంతులమ్మకు ఉత్తరం రాయించాడు. రాయించాడు అని ఎందుకంటున్నానంటే, ఆయనకు ఉర్దూ, తెలుగు ముత్యాల్లా వచ్చు, ఇంగ్లీషు మాత్రం సంతకం వరకే. ఆయన చెప్పేవాడు, బి.ఏ. చదువుతున్న నేను ఇంగ్లీషులో రాసేదాన్ని. జవాబు వచ్చిన రోజు ఇంట్లో పండగే. ఎదురింటి లక్కగాజుల భాయ్ అరుగు మీంచే "క్యా సాబ్, ఆప్‌కే గావ్ మే బరఫ్ గిరీ క్యా?" అని ఆటపట్టించేవాడు. "పడ్డది భాయ్, మోకాలు లోతు మంచు!" అని పెద్దబాపు తానే తొక్కి వచ్చినట్టు చెప్పేవాడు.

కోర్టు మనిషి కదా, అక్కడితో ఊరుకుంటాడా! వారసత్వం దావాల్లో కుర్సీనామా అని ఒకటి దాఖలు చేస్తారు. తాత నుంచి మనవడి దాకా ఎవరు ఏ ఏట పుట్టారు, ఏ ఏట పోయారు అని గీసే వంశవృక్షం. అది ఆ ఊరందరికీ గీస్తానని కూర్చున్నాడు. "కుర్సీనామా లేని ఇల్లు గాలిల ఉన్నట్టే బిడ్డా" అనేవాడు. పాపం, పంతులమ్మ ఉత్తరానికి నాలుగిళ్ల చొప్పున పంపేది. తేనెటీగలు పెంచే ఒంటిచేతి ముసలాయన ఇల్లు, మర ఆడించేవాళ్ల ఇల్లు, జర్మన్లు తగలబెట్టిన తూర్పు వీధి. పొడుగు కాగితాల మీద ఊరు పెరుగుతూ పోయింది. ఒక ఆదివారం ఆయన ఆ కాగితాలన్నీ చాప మీద పరిచి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఇంటింటా ఇద్దరో ముగ్గురో పిల్లలు, నలభై ఏళ్ల కిందట, సరిగ్గా అవే రెండేళ్లలో పోయారు. ఆ జర్మన్ల యుద్ధానికి చాలా ముందు. "ఏంది బిడ్డా గిది? గత్తర గిట్ల వచ్చిందంటవా?" అన్నాడు, కలరా ఏమోనని.

నాకు అర్థమైపోయింది. ఆ ఏళ్లలోనే సర్కారువాళ్లు చర్చిని మూసి గోదాము చేశారని, పైకప్పు దాకా గోధుమలు పోశారని ఆమే ఒక పాత ఉత్తరంలో రాసింది. "గత్తర కాదు పెద్దబాపు, ఆకలి. చర్చినిండ గింజలుంటే పిల్లలెట్ల పోయిన్రో అడుగుదాం" అన్నాను. ఆయన ముఖం మారిపోయింది. "వద్దు. కాగితం మీద పడ్డ మాట ఎవని చేతిల పడ్తదో ఎరుకనా? ఆమె ఆడ బతకాలె. చెర్రీలు ఎట్ల కాసినయో అడుగు, చాలు." పంతొమ్మిదేళ్ల పొగరు నాది. అందులోనూ చరిత్ర చదువుతున్నానన్న పొగరు. చెర్రీల మాట రాసి, దాని కిందే ఆ ప్రశ్నా రాసేశాను. "నేను చెప్పినట్టే రాసినవా?" అని అడిగాడు. "రాసిన" అన్నాను. కింద సంతకం పెట్టాడు.

ఆరు నెలలు జవాబు లేదు. పోస్ట్‌మన్ కనిపిస్తే చాలు, పెద్దబాపు అరుగు దిగేవాడు. చివరికి టైపు కొట్టిన రెండు వరుసలు వచ్చాయి, సంతకం లేకుండా. ఆ ఉపాధ్యాయురాలు ఇప్పుడు ఈ బడిలో లేదు, ఇకపై ఉత్తరాలు రాయవద్దు. పెద్దబాపు మంచం పట్టినంత పని చేశాడు. "చచ్చినోళ్ల ఏండ్లు అడిగి నేనే ఆమె పానం తీసిన" అని నాతోనే క్షమాపణ ఉత్తరాలు రాయించాడు, ఒకటి కాదు, మూడు. తప్పు ఎవరిదో తెలిసి కూడా, ఈసారి ఆయన చెప్పింది చెప్పినట్టే రాసి పెట్టాను. నన్నేమనాలో మీరే చెప్పండి. గాజుల భాయ్ కూడా మంచు మాట ఎత్తడం మానేశాడు. ఎనభైల్లో పెద్దబాపు పోయేదాకా నేను నోరు విప్పలేదు.

మొన్న టీవీ కట్టేసి, ట్రంకుపెట్టెలోంచి ఆ కాగితాలు తీశాను. చిట్టచివరిది పంతులమ్మ ఇల్లు. ఆ రెండేళ్లలోనే పోయిన అన్నలిద్దరు, వాళ్ల పక్కన ఆమె. అప్పటికి ఆమె చంటిపిల్ల. కుర్సీనామాలో పోయినవాళ్ల కింద ఫౌత్ అని, బతికున్నవాళ్ల కింద హయాత్ అని రాయడం ఆనవాయితీ. ఆమె పేరు కింద పెద్దబాపు ముత్యాల అక్షరాలతో హయాత్ అని ఉంది. ఇప్పుడైతే ఆమెకు తొంభై దాటాలి. ఆ మాటను కాలం ఎప్పుడో కొట్టేసి ఉంటుంది. కాలమే కొట్టేసిందా, అంతకుముందే నా కలం కొట్టేసిందా అన్నది తెలుసుకోవడానికి మాత్రం నా దగ్గర ఇక ఏళ్లు లేవు.