ఏటికి అవతలి వాళ్లు

ఆ ఊళ్లో ఏటా ఆగస్టులో చర్చి విందు జరిగేది. వాల్‌నట్ చెట్ల కింద పొడవాటి బల్లలు వేసేవారు. ఎవరూ నియమం పెట్టకపోయినా ఒక్కో ఇంటిపేరు వాళ్లు ఒక్కో బల్ల దగ్గర చేరేవారు. కెంపర్ల బల్ల అన్నిటికన్నా పెద్దది. అదీ చాలక పక్కన పాత తలుపు ఒకటి పీపాల మీద పరిచేవారు. లియోనా ఓబర్‌హెల్మన్ తన బంగాళాదుంపల గిన్నె పట్టుకుని ఆ బల్లల మధ్య నుంచి నడిచివెళ్లి పాస్టరుగారి బల్ల దగ్గర కూర్చునేది. ఊరికి కొత్తగా వచ్చిన టీచర్లకూ, విత్తనాల కంపెనీ మనుషులకూ వేసే బల్ల అది. లియోనా ఆ ఊళ్లోనే పుట్టింది.

"ఇటు రావే, జాగా ఉంది," అని కెంపర్ల బల్ల దగ్గర నుంచి ఓలెటా ప్రతిసారీ కేకేసేది. "మాకు చుట్టాలు మరీ ఎక్కువైపోయారు. ఓ నలుగురిని ఊరికే ఇస్తాను, పట్టుకుపో."

"నీ చుట్టాలు నాకెందుకే? తినడానికి తప్ప దేనికీ పనికిరారు."

బల్లంతా గొల్లున నవ్వేది. లియోనా నవ్వుతూనే ముందుకు వెళ్లిపోయేది.

మిస్సోరి నది ఒడ్డున ఉన్న, పొగతాగే పైపులు చేసే ఫ్యాక్టరీలో వాళ్లిద్దరివీ పక్కపక్క పీటలు. గింజలు ఒలిచిన మొక్కజొన్న బెండ్లకు ఓలెటా పొగాకు గుంట తొలిస్తే, లియోనా పైన సుద్ద పూసి నున్నగా చేసేది. సాయంత్రానికి ఇద్దరి కనుబొమ్మలూ తెల్లబడేవి. లియోనా పెళ్లి చేసుకోలేదు. తమ్ముడు మిల్టన్ యుద్ధానికి పోయి ఫ్రాన్సులోనే మట్టిలో కలిశాడు. తండ్రి పోయాక ఏటి పక్కనున్న పొలం అమ్మేసి, ఊళ్లో రెండు గదుల ఇల్లు కొనుక్కుంది. ఓబర్‌హెల్మన్ అనే పేరు ఇక ఆమెతో సరి.

అందుకే వెతకడం మొదలుపెట్టింది. తాత హెర్మన్ జర్మనీలోని వెస్ట్‌ఫాలియా నుంచి ఒంటరిగా వచ్చి, ఇక్కడ ఆనా అనే ఆమెను పెళ్లాడి, ఒక్క కొడుకు పుట్టాక చెట్టు కూలి మీదపడి చనిపోయాడు. ఆ కొడుకే లియోనా తండ్రి. అప్పటికి ఆయనకు మాటలు కూడా సరిగా రాలేదు. "మనది అక్కడ పెద్ద ఇల్లు, పెద్ద పేరు" అని నానమ్మ ఆనా నూరిపోసిన మాట తప్ప ఆయనకు తండ్రి గురించి పెద్దగా ఏమీ తెలియదు. లియోనా ఒహాయోలో ఉన్న ఓబర్‌హెల్మన్లకు రాసింది, ఇండియానాలో ఉన్నవాళ్లకు రాసింది, సముద్రం అవతలికీ రాసింది. అందరూ మర్యాదగానే జవాబిచ్చారు. ఎవరికీ ఏ హెర్మనూ తెలియదు. వెస్ట్‌ఫాలియా నుంచి మాత్రం ఒక ఫొటో వచ్చింది: గడ్డిబండి నేరుగా లోపలికి పోయేంత వాకిలి, దాని మీద చెక్కడాలున్న దూలం, వెనక పెద్ద ఇల్లు. దాన్ని ఫ్రేము కట్టించి వంటగదిలో పెట్టుకుంది. కాఫీ తాగుతూ చూసేది. ఆ వాకిట్లోంచి ఎవరో ఒకరు బయటికొచ్చి, నువ్వు ఫలానా వాళ్ల పిల్లవా అని అడుగుతారనిపించేది.

ఆ చలికాలంలో ఓలెటాకు ఊపిరితిత్తులు చెడ్డాయి. లియోనా బస్సెక్కి పట్నంలోని ఆసుపత్రికి వెళ్లింది. గది గుమ్మంలో నర్సు ఆపింది.

"మీరేమవుతారమ్మా?"

"స్నేహితురాలిని."

"రక్తసంబంధం ఉన్నవాళ్లనే పంపమన్నారు. ఏమీ అనుకోకండి."

ఆ నర్సు మాట మెత్తగానే ఉంది. లియోనా వసారాలో బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చుంది. ఓలెటా వాళ్ల అన్నయ్య డెల్మర్ గదిలోంచి వచ్చి, టోపీ చేత్తో పట్టుకుని, ఆమె ముందు నుంచే నడిచివెళ్లాడు. తెల్లారి ఓలెటా పోయింది.

తరవాతి వేసవిలో చర్చికి తాతల దేశమైన జర్మనీ నుంచి అతిథులు వచ్చారు. ఊరివాళ్లు ఇంటికి ఒకరి చొప్పున పంచుకున్నారు. లియోనా ఇంటికి వచ్చినామె హెడ్విగ్ స్టాల్‌కాంప్. ఆవులు పితికి గట్టిపడిన చేతులు, పెద్ద గొంతు. తండ్రి దగ్గర నేర్చిన పల్లె జర్మన్‌లో లియోనా భయంభయంగా మాట కలిపితే, ఆమె పగలబడి నవ్వింది. "మా అవ్వ లేచొచ్చినట్టుందమ్మా! ఈ మాటలు మావాళ్లు ఎప్పుడో మరిచిపోయారు."

వంటగదిలో ఫొటో చూడగానే గుర్తుపట్టింది. "ఓబర్‌హెల్మన్ల ఇల్లు కదూ? మా పక్క ఊరే. మీ తాత ఆ ఇంట్లో పుట్టినవాడా, ఇల్లరికం వచ్చినవాడా?"

"పుట్టినవాడే. ఓబర్‌హెల్మన్ కదా!"

"అదేం లెక్క? మా ఆయన వెస్సెల్ వాళ్ల ఇంట్లో పుట్టాడు. నన్ను చేసుకుని మా గడప తొక్కిన రోజు నుంచి స్టాల్‌కాంప్. పొలం ఆడపిల్లదైతే మగవాడే పేరు మార్చుకుంటాడు. పొలం పేరే ఇంట్లోవాళ్లందరికీ. మా ఆవులక్కూడా అదే పేరు."

తాతకు అక్కడ మొదటి భార్య ఉండేదనీ, పిల్లలు పుట్టకుండానే పోయిందనీ నాన్న చెప్పగా విన్నానంది లియోనా.

"ఇంకేం మరి. ఆమె పోయింది, పొలం ఆమె చెల్లెలికి వెళ్లింది. మీ తాతకు పేరొక్కటే మిగిలింది. దాన్ని వేసుకుని ఓడెక్కాడు."

"అయితే ఆ ఇంటివాళ్లు నాకేమీ కారా?"

"ఏమీ కారమ్మా," అంది హెడ్విగ్. తరవాత, అలా ముఖం మీదే అన్నందుకు నొచ్చుకున్నట్టు, అల్మారాలోకి చూసింది. "ఆ వెండి చెంచా ఎవరిది?"

"మా నాన్న బాప్టిజానికి వచ్చింది. తాతకు ఇక్కడ అయినవాళ్లెవరూ లేరు కదా, ఏటికి అవతల ఉండే గెర్‌హార్ట్ కెంపర్‌ను బిడ్డను ఎత్తుకునే జ్ఞానతండ్రిగా పిలిచారు."

"మీ నాన్న పేరు?"

"గెర్‌హార్టే."

"తొలి కొడుకును పొరుగువాడి చేతుల్లో పెడతారా ఎక్కడైనా? మావైపు తండ్రి తోడబుట్టినవాడే ఎత్తుకుంటాడు. ఆయన పేరే బిడ్డకు పెడతారు. ఆ గెర్‌హార్ట్ పుట్టింటి పేరుతోనే ఉండిపోయాడు. మీ తాత దాన్ని పోగొట్టుకున్నాడు. అంతే తేడా."

లియోనా కాఫీ కూజా పొయ్యి మీద పెట్టబోయి, పక్కన బండ మీద పెట్టింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక లియోనా ఏటి ఒడ్డున ఉన్న కెంపర్ల పాత ఇంటికి, డెల్మర్ దగ్గరికి వెళ్లింది. అతను వరండాలో చిక్కుళ్లు ఒలుస్తున్నాడు. చెవుడు బాగా ముదిరింది. భార్య నోర్మా లోపల బంగాళాదుంపలు వేయిస్తోంది. లియోనా నెమ్మదిగా చెబుదామనుకుంది గానీ కుదరలేదు.

"మన తాతలిద్దరూ అన్నదమ్ములట!"

"ఏమిటీ?"

"అన్నదమ్ములట! మీ గెర్‌హార్టూ, మా హెర్మనూ!" అని రోడ్డు మీదికి వినపడేలా అరవాల్సి వచ్చింది.

డెల్మర్ చిక్కుడుకాయ ఒలవడం ఆపలేదు. "అయితే?"

"నీకు తెలుసా?"

"మా ఇంట్లో అందరికీ తెలుసు. మీ నానమ్మ మా తాతను గుమ్మంలోనే నిలబెట్టి, కూలివాళ్ల గుడిసెలో పుట్టినవాళ్లతో మాకు చుట్టరికం వద్దంది. హెర్మన్‌ను పూడ్చిన వారానికి. వాళ్లంతట వాళ్లు ఒప్పుకునేదాకా ఎవరూ నోరు విప్పొద్దని తాత ఒట్టు వేయించుకున్నాడు. మీకు తెలిసే పెద్దపేరు పట్టుకుని వేలాడుతున్నారనుకున్నాం."

"నాకెవరూ చెప్పలేదు, డెల్మర్."

అతను వినలేదో, విన్నదాన్ని నమ్మలేదో, చేతిలో గింజలు గిన్నెలో వేశాడు.

"నాకు చెప్పలేదు! మా నాన్నకే తెలియదు!" లియోనా గొంతు చీరుకుపోయింది. నోర్మా గరిటెతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

డెల్మర్ ఆమె ముఖం వంక చూశాడు.

"ఆసుపత్రిలో బెంచీ మీద ఉన్నావు," అన్నాడు చివరికి. "చూశాను. చెల్లెలు అవుతుందని నర్సుతో ఒక్క మాట అంటే లోపలికి పంపేవాళ్లు. ముందు నువ్వే అనాలి అనుకున్నాను."

"నాకు తెలిస్తే అననా?"

"ఓలెటా అడుగుతూనే ఉంది, నువ్వొచ్చావా అని. రాలేదన్నాను."

"ఏం మనిషివయ్యా నువ్వు!" అని నోర్మా మొగుడి మీద అరిచింది. ఆ మాట అతనికి బాగానే వినపడింది. ఒలిచిన తొక్కలు ఒళ్లోంచి కిందపడుతున్నా ఎత్తుకోలేదు.

లియోనా రెయిలింగ్ పట్టుకుని నిలబడింది. వెస్ట్‌ఫాలియాలో ఆ గుడిసె ఎక్కడుందని గానీ, ముత్తాత పేరేమిటని గానీ అడగాలని తోచలేదు. ఇన్నేళ్లూ అడగడానికి దాచుకున్న ప్రశ్నల్లో ఒక్కటీ ఇప్పుడు పనికొచ్చేది కాదు.

"చిన్నప్పుడు ఓలెటా ఎక్కడ పడుకునేది?" అంది.

"పైన. చివరి గది," అన్నాడు డెల్మర్. "మెట్లు నిటారుగా ఉంటాయి. చూసుకుని ఎక్కు."

ఆ గదిలో ఇప్పుడు ఉల్లిపాయలు ఆరబోశారు. వాటి మధ్య ఇనపమంచం ఒకటి ఉంది. లియోనా అంచున కూర్చుంది. ఎదురుగా చిన్న కిటికీ. అందులోంచి ఏరూ, ఏటి అవతల తాను పుట్టిన ఇంటి కప్పూ, పెరట్లో చేతిపంపూ కనిపిస్తున్నాయి. ఇప్పుడెవరో కొత్తవాళ్ల బట్టలు తాడు మీద ఆరుతున్నాయి. తన చిన్నతనంలో ఆ పంపు దగ్గర తానూ, మిల్టనూ రోజూ సాయంత్రం కాళ్లు కడుక్కునేవాళ్లు, నీళ్లు చిమ్ముకుంటూ, ఒకరినొకరు తిట్టుకుంటూ. ఈ మంచం మీద కూర్చునే చిన్ననాటి ఓలెటాకు ఆ కేకలు కూడా వినిపించి ఉండాలి.

"భోజనం చల్లారిపోతోందే, రా!" అని నోర్మా కింది నుంచి పిలిచింది. "నీకూ కంచం పెట్టాను."

"వస్తున్నా," అంది లియోనా. కానీ వెంటనే లేవలేదు.