ఉప్పు బస్తాల గదిలో తుపాకీ

దెయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదట్నుంచీ నవ్వే. కొట్టు వెనకగదిలో చప్పుడైతే మా ఆవిడ సత్యవతి ఉలిక్కిపడేది. దెయ్యాలకి మన కందిపప్పెందుకే అని ఏడిపించేవాణ్ణి. ఇప్పుడు మాత్రం నమ్ముతున్నానని కాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది చీపురుపల్లిలో కిరాణా కొట్టు. తాతగారి నాటి తుపాకీ ఒకటి మా దగ్గర ఉంది. గొట్టంలో మందు కూరి పేల్చే పాతరకం. అది పేలగా నేను ఎన్నడూ చూడలేదు, లైసెన్సు మాత్రం నా పేరున ఉంది. ఏటా దసరాకి దానికి తడిపసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పొందూరు ఖద్దరు గుడ్డలో చుట్టి వెనకగదిలో దాచేవాళ్లం. ఉప్పు బస్తాలూ ఆ గదిలోనే. తడి, ఉప్పుగాలి, ఏడాదంతా విప్పని గుడ్డ. తుప్పు పట్టక ఏం చేస్తుంది? చేజేతులా, భక్తితోనే పాడుచేసుకున్నాం.

2014 ఎన్నికల ముందు తుపాకులు స్టేషన్లో అప్పజెప్పమన్నారు. గుడ్డ విప్పితే గొట్టమంతా ఎర్రగా పొరలు లేచి ఉంది. అలా పట్టుకెళితే పరువు పోతుందని, మధ్యాహ్నం షట్టరు దించి ఇద్దరం ఆ వెనకగదిలోనే పనికి కూర్చున్నాం. గొట్టంలో ఏమీ లేదని ఊచ దూర్చి చూసుకున్నాను. ఎండిన పసుపు పొడిగుడ్డతో దులిపి, కిరసనాయిలు రాసి నాననిచ్చాం. సన్నటి ఇనప పీచుతో నెమ్మదిగా రుద్దడం నా వంతు. తుడిచి, మిషన్ నూనె పల్చగా పట్టించడం సత్యవతి వంతు.

కిరసనాయిలు వాసన బియ్యానికి పట్టిందంటే ఒక్కరూ కొనరు. అందుకని గది తలుపు దగ్గరగా లాగాను. ఇనప తలుపు, గడియ బయటవైపే ఉంటుంది. లోపలికి వచ్చేటప్పుడు ఆ గడియ తీసింది నేనే, వేలితో తోస్తే జారిపోయింది. గదికి కిటికీ లేదు.

గొట్టం తెల్లబడే వేళకి సత్యవతికి ఆయాసం మొదలైంది. ఆమెకి ఉబ్బసం. పీల్చే మందు గల్లాపెట్టె మీదే ఉండిపోయింది.

"ఏటండీ, ఊపిరాడ్డం నేదు. తలుపు తియ్యండి."

తోశాను, రాలేదు. భుజంతో గుద్దాను, రాలేదు. ఫోన్లు రెండూ బయటే. ఆ ఎండకి బజారంతా పడకేసింది, నా కేకలు ఎవరు వింటారు? గదంతా కిరసనాయిలు ఆవిరి. ఆమె గుండెల్లో పిల్లికూతలు నాకు వినిపిస్తున్నాయి. తలుపు కింది సందు దగ్గర ముఖం ఆనించి పడుకోబెట్టాను. ఆ కాస్త గాలే దిక్కు. తుపాకీని తిరగేసి కర్రవైపుతో తలుపు బాదుతూనే ఉన్నాను. నా కళ్లముందే పోతుందనుకున్నాను. ఏడ్చాను కూడా.

చివరికి పక్క కొట్టు కృష్ణమూర్తి బావ, మా అక్క భర్త, చప్పుడు విని పెరటి తలుపులోంచి వచ్చాడు.

"ఒరే, ఈ గడియేటిరా ఇలాగున్నాది? కదల్దే!"

"ఇరగ్గొట్టు బావా, సత్య సచ్చిపోతాది!"

సుత్తితో కొట్టి కొట్టి విరగ్గొట్టాడు. ఆమెని ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాం. ఆక్సిజన్ పెట్టాక గాని తేరుకోలేదు.

మర్నాడు వచ్చి గడియ చూశాను. మొత్తం తుప్పు. పొరలు పొరలుగా లేచి, కొక్కెంతో కలిసి ఒకటే ముద్దయింది. పెరటి తలుపు తీసే ఉంది కాబట్టి ఎవరో వచ్చి గడియ పెట్టారనుకుందాం. మరి అంతలోకే అంత తుప్పు ఎలా పట్టింది? ఉప్పుగాలి అందామంటే, అంతకుముందే నా వేలికి జారిన గడియ అది. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది యేళ్లనాడు యేసిన గడియరా" అన్నాడు.

ఆ సాయంత్రం సత్యవతి మెల్లిగా చెప్పింది. "మీరు రుద్దతన్నప్పుడు గడియ పడ్డ సప్పుడు ఇన్నాను. అన్నయ్యగారేమో అనుకున్నాను." బావ అప్పుడు ఇంట్లో అన్నం తింటున్నాడు.

అప్పజెప్పిన తుపాకీ ఎన్నికలయ్యాక స్టేషన్ నుంచి తిరిగొచ్చింది. ఇప్పుడు నూనె పట్టించి, గుడ్డ చుట్టకుండా, ఉప్పుకి దూరంగా బీరువాలో పెడుతున్నాం. దసరాకి బొట్టు కర్రకే, ఇనుముకి కాదు. మళ్లీ తుప్పు పట్టలేదు.

ఆ రోజు ఏం జరిగిందో ఎంత ఆలోచించినా నాకు తేలలేదు. ఇంట్లోనూ కొట్టులోనూ బయటి గడియలన్నీ ఊడదీసేశాను. అయినా సత్యవతి లోపల ఉండగా ఏ తలుపు మూసుకున్నా, ఇప్పటికీ ఊపిరాడనిది నాకే.