తెల్ల తుండుగుడ్డ, నీలి తిప్పేసు

ఈ సంగతి రాసిపెట్టడానికి కారణం ఒక్కటే. మా గనుల ఊరు యశ్వంతనగర్‌లో ఇప్పటికే దీన్ని తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు. ఒకరి కథలో లారీ గాల్లోకి లేచింది, ఇంకొకరి కథలో నేను చేతబడి చేశాను. ఆ ప్రళయం ఎలా వచ్చిందో, తెచ్చిపెట్టినవాడే చెప్పడం న్యాయం కదా!

నా మిత్రుడు తిప్పేసుకు నటన పిచ్చి. వాళ్ల నాయన హొన్నూరప్ప మామ గనుల ఖనిజం మోసే లారీ డ్రైవరు. బెంగళూరు పోయి నటన నేర్చుకుంటానని కొడుకు అడిగితే ఆయన ఒక షరతు పెట్టాడు.

"ముందు సినిమా ఒకటి తీసి ఊర్లో చూపించప్పా. 'వీడు హొన్నూరప్ప కొడుకు, భలే చేస్తాండాడే' అని ఒక్కరన్నా అనాల. అట్లయితే పో. లేదంటే సుమ్నే నోరు మూసుకోని వచ్చి లారీ ఎక్కు."

తిప్పేసు డ్రైవరుగా నటించిన పొట్టి సినిమా అలా పుట్టింది. రంగులు దిద్దడం, దృశ్యాలు అతికించడం నా వంతు. నాకేం తెలుసంటారా? బళ్లారి కంటోన్మెంట్ దగ్గరి గ్రంథాలయంలో ఆ విద్య మీదున్న లావుపాటి పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివినవాణ్ణి! కంప్యూటరు ముందు కూర్చోకముందే నాకు అంతా వచ్చేసింది.

లారీకి తీరిక ఉండదు కాబట్టి, అది ఆగి ఉన్నప్పుడు విడిగా తీశాం. తిప్పేసును ఆకుపచ్చ గుడ్డ ముందు నిలబెట్టి తీశాం. ఆ పచ్చదనాన్ని కంప్యూటర్లో తుడిచేసి, రోడ్డు మీద లారీనీ వాణ్ణీ పక్కపక్కనే అతికించాను. లారీ చక్రాలు రోడ్డుకు జానెడు ఎత్తున ఆగిపోయాయి.

"ఏందిరా, బండి తేలతాండాది?" అన్నాడు తిప్పేసు.

"చక్రాలు ఎవురు చూస్తారప్పా? జనం నీ మొగం చూస్తారు."

ఆ ముఖం దగ్గరికే వస్తున్నాను. దృశ్యంలో తెల్లటి వస్తువును పట్టుకుని దాన్ని సరిగ్గా తెల్లగా చేస్తే, మిగతా రంగులు వాటంతటవే దారికొస్తాయని చదివాను. తిప్పేసు భుజం మీద వాళ్ల నాయన తుండుగుడ్డ ఉంది. కొన్నప్పుడు తెల్లదే. కానీ మా గనుల ఎర్రదుమ్ము సంగతి మీకు తెలియదు. మా ఊళ్లో తెల్లగా ఉండేవి పాలొక్కటే, అవీ మూత తీయనంతసేపు. ఆ తుండుగుడ్డ ఇటుక రంగుకు తిరిగి ఎన్నేళ్లయిందో! పుట్టినప్పటి నుంచీ ఆ దుమ్ములోనే తిరిగిన నేను, పుస్తకం చదివాక దాన్ని చూడలేకపోయాను. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. పుస్తకం మింగినవాడికి లోకమంతా తప్పుగా కనిపిస్తుంది. తప్పు కెమెరాదేనని తేల్చి, తుండుగుడ్డ మల్లెపువ్వయ్యేదాకా దృశ్యంలోని ఎరుపునంతా పిండేశాను.

తుండుగుడ్డ మెరిసింది. తిప్పేసు నీలంగా మారాడు.

"రేయ్ సూరీ, పాము కరిసినోని మాదిరి ఉండానే!"

"నీ కన్ను ఎరుపుకు అలవాటు పడిండాదిలే. ఇదే నీ అసలు రంగు."

"నా అసలు రంగు ఇన్నాళ్లూ మాయమ్మకు గూడా తెలీదా?"

"మీయమ్మ ఆ పుస్తకం చదివిందా?"

వాడు అద్దంలో ముఖం చూసుకోవడానికి లేచి వెళ్లాడు.

దీపాలు పెట్టే వేళకు సముదాయ భవనంలో తెర కట్టాం. ముందు వరుసలో తిప్పేసు అవ్వ హులిగెమ్మ, పక్కన హొన్నూరప్ప మామ. తెర మీద నేలకు ఆనని లారీ, దాని పక్కన నీలి తిప్పేసు.

అవ్వ చేతులు జోడించి లేచింది.

"పుష్పకమప్పా! సామి దిగొచ్చినాడు! మబ్బు రంగులో ఎట్ల వెలుగుతాండాడో చూడండి!"

"అవ్వా, అది నేనే!" వెనక నుంచి తిప్పేసు అరిచాడు.

"సుమ్నుండ్రా! సామి ముందర నోరు చేస్తావా? ఎవురన్నా పోయి టెంకాయ తెండప్పా!"

టెంకాయ వచ్చేలోపే తెర మీది సామి జేబులోంచి బీడీ తీసి ముట్టించాడు.

"అయ్యయ్యో! సామి బీడీ తాగుతాండాడే!" అవ్వ చెంపలేసుకుంది, సామి తరఫున కూడా.

భవనం నవ్వులతో ఊగిపోయింది. "నా బెంగళూరు పాయెరా," అని తిప్పేసు గొణిగాడు. తలుపు ఎంత దూరంలో ఉందా అని నేను చూసుకుంటున్నాను. అప్పుడు హొన్నూరప్ప మామ లేచాడు.

"నవ్వేది ఆపండప్పా! ఆ బీడీ పట్టుకునేది చూడండి. దుమ్ము గాలికి ఆరకుండా గుప్పిట్లో దాస్తాండాడు, అచ్చం నా మాదిరి. వీడు నా కొడుకే! రేయ్ తిప్పేసూ, ఎవుర్రా నీకు బీడీ నేర్పింది?"

"నిన్ను చూసి చేసినా నాయనా! నటన! ఒట్టు, నేను తాగను!"

మామ వాడి నోరు వాసన చూశాడు. మళ్లీ తెర వైపు చూశాడు.

"తాగకుండానే ఇంత బాగానా? అయితే నువ్వు బెంగళూరికే పో. ఈడుంటే నిజంగానే నేర్చుకుంటావ్."

తర్వాత నా వైపు తిరిగాడు. "సూరీ, నువ్వు మాత్రం యాడికీ పోవద్దప్పా. ఇంకో ఊరి మొగాలు నీ చేతికి చిక్కకూడదు."

బెంగళూరు పోతూపోతూ తిప్పేసు ఆ తుండుగుడ్డను కూడా తీసుకెళ్లాడు. మొన్న ఫోన్ చేశాడు.

"రేయ్, ఈడ ఉతికితే తెల్లగయిందిరా!"

"అది తెల్లదేనని నేను ముందే అన్లా?"

"అన్న్యావులే. కానీ నేను నీలం కాలా."

కాబట్టి గనుల దుమ్ము సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా కళ్లకు ఎర్రగా కనిపించే ఏ తుండుగుడ్డనూ ఇకపై పుస్తకం మాట విని తెల్లగా చేయను. చేస్తే నా ముఖమూ నీలమగుగాక!

ఈ మహాకార్యంలో పుస్తకం ఇచ్చిన గ్రంథాలయం శారద మేడంకు, నమ్మి ముఖం అప్పగించిన తిప్పేసుకు, ముఖం పోయినా బీడీని గుర్తుపట్టిన హొన్నూరప్ప మామకు నా కృతజ్ఞతలు. హులిగెమ్మవ్వకు మరీ ప్రత్యేకంగా. సామికని తెప్పించిన టెంకాయను చట్నీ చేసి, చివరికి నాకే పెట్టింది.