గంజి పెట్టిన సంచి

నడుస్తున్న కారం మిల్లును చేజేతులా మూయించబోయిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని చదవండి.

ఎనభైల్లో, డిప్లొమా చేతికొచ్చిన ఊపులో గుంటూరు శివారులోని ఆ మిల్లులో సూపర్‌వైజరుగా చేరాను. మర తిప్పితే చాలు, ఫ్యాను గొట్టంలోంచి కారం దుమ్ము బయటికి కొట్టి వీధి వీధంతా తుమ్మేది. జనం అర్జీ పెట్టారు. దుమ్ము ఆపకపోతే మిల్లు మూయిస్తామని నోటీసొచ్చింది. నలభైమంది ఆడకూలీల తిండి పోయేట్టుంది. బొంబాయి నుంచి యంత్రం తెప్పిద్దామన్నాను. యజమాని సుబ్బారావుగారు దాని ధర విని కుర్చీలో కూలబడ్డారు.

అప్పుడు గోతాలు కుట్టే మరియమ్మ అంది: "పసుపు గుడ్డలో జల్లించమా అయ్యా? ఆ గొట్టం మూతికి పొడుగాటి సంచి కడదాం. గాలి పోద్ది, కారం ఉండిపోద్ది."

"నేను చదివిన పుస్తకాల్లో పాత చీరలు లేవు మరియమ్మా!" అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. పాత నూలు చీరలతో రెండు సంచులు కుట్టి, ఒకటి కట్టింది. వీధిలో తుమ్ములు ఆగిపోయాయి! సాయంత్రం సంచి దులిపితే తట్టెడు కారం రాలింది.

"ఇన్నేళ్లూ ఇదంతా ఊరికి పంచిపెట్టామా!" అన్నారు సుబ్బారావుగారు.

ఇక నోటీసిచ్చిన ఇన్‌స్పెక్టరుగారు వచ్చి చూడడమే మిగిలింది. నా బుద్ధి ఊరుకుందా? ఎర్రగా మాసిన ఆ సంచి నాకు నామోషీ అనిపించింది. చాకిరేవుకు పంపి, చిక్కటి గంజి పెట్టించి, ఇస్త్రీ చేయించి మరీ కట్టించాను.

మరియమ్మ దాన్ని తడిమి చూసి తల పట్టుకుంది. "గంజెవరు పెట్టమన్నారు బాబూ? గాలెట్టా పోద్ది?"

"నువ్వూరుకో. పెద్దమనిషి వస్తున్నాడు."

పెద్దమనిషి వచ్చాడు, తెల్లచొక్కాలో. మర తిప్పించాను. సంచి పూరీలా పొంగింది. "బాగుందే!" అంటూ ఆయన దగ్గరికొచ్చాడు. అంతే, తాడు తెగింది! సంచి ఎగిరి ప్రహరీ మీద పడింది, కారమంతా ఆయన మీద పడింది.

"మూసెయ్యండి... హాచ్... ఇవాళే... హాచ్!"

నేను ప్రహరీ మీది సంచి కోసం పరిగెత్తాను. మరియమ్మ మాత్రం మర ఆపించి, ఆయన ముఖానికి చెంబుతో నీళ్లందించి, గంజి తగలని రెండో సంచి కట్టింది. "ఒక్కసారి చూడండయ్యా. నలభైమంది పొట్టకూడు ఇది."

మర తిరిగింది. ఇన్‌స్పెక్టరుగారు తన తెల్ల రుమాలు సంచికి ఎదురుగా పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు. రుమాలు తెల్లగానే ఉంది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి, ఈసారి కారం వల్ల కాదు. మరియమ్మ చేతులకు దండం పెట్టాలనిపించింది.

"ఈ ఏర్పాటు ఏ ఇంజనీరుదండీ?" అన్నాడాయన.

"మా మరియమ్మదండీ," అన్నాను.

"మరి ఇందాక పేలింది?"

మరియమ్మ వినయంగా నావైపు చూపించింది. "అది ఇంజనీరు గారిదండయ్యా."

మిల్లు నిలిచింది. ఆ రోజే, ఎర్రబడ్డ కళ్లతో, కారం గోతాల సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో నూలుగుడ్డకు గంజి పెట్టించను, మరియమ్మను అడగకుండా. అందుకే ఈనాటికీ పెళ్లిళ్లకు నలిగిన చొక్కాతోనే వెళుతున్నాను. చూడ్డానికి బాగోదు గానీ, గాలి హాయిగా ఆడుతుంది.